మీకు తెలుసా? గిల్టు వేయకుండానే అల్యూమినియానికి బంగారు రంగు!

స్టీలు సామాన్ల కొట్లో బిందె కొన్నాక దాని మీద పేరు చెక్కించుకోవడం మన ఇళ్లలో పాత అలవాటే. మిషను గుర్రుమంటుంటే చుక్క పక్కన చుక్క పడి ‘ఫలానా వారి వివాహ సందర్భంగా’ అని అక్షరాలు తేలతాయి. పేరు చేరినా బిందె మాత్రం మునుపటి బిందే. అదే గీతల్ని కంటికి ఆననంత సన్నగా, దగ్గరదగ్గరగా చెక్కితే? అప్పుడు లోహం తీరే మారిపోతుంది. తెల్లనిది నల్లబడుతుంది, తడిసేది తడవనంటుంది, మునిగేది తేలుతుంది. ఆ పని చేసే ఉలి పేరు ఫెమ్టోసెకండ్ లేజర్. దాని ముచ్చట్లు కొన్ని...

వెంట్రుక వెడల్పులో వంద గీతలు

మీటరును వంద కోట్ల భాగాలు చేస్తే అందులో ఒక భాగం నానోమీటరు. మన తల వెంట్రుక మందం సుమారు 80,000 నానోమీటర్లు. ఫెమ్టోసెకండ్ లేజర్ తగిలిన లోహం మీద ఏర్పడే గీతల మధ్య ఎడం చాలాసార్లు 500 నుంచి 700 నానోమీటర్లే. అంటే ఒక్క వెంట్రుక అడ్డం పెడితే దాని కింద వందకు పైగా గీతలు దాక్కుంటాయి. మామూలు భూతద్దానికి ఇవి చిక్కవు. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో చూస్తే దుక్కి దున్నిన చేను పైనుంచి కనిపించినట్టు ఉంటాయి.

నిమిషం అంటే రెప్పపాటే

‘నిమిషం’ అన్న మాటకు అసలు అర్థం రెప్పపాటు. రెప్ప వేయరు కనుకే దేవతలకు అనిమిషులని పేరు. ఆ రెప్పపాటును వాడుకలో మనం 60 సెకన్ల దాకా సాగదీశాం. ఈ లేజర్ మెరుపు నిలిచే కాలాన్ని కొలిచే ఫెమ్టోసెకండ్ ముందు మాత్రం రెప్పపాటు కూడా ఒక యుగమే. ఒక సెకనులో ఎన్ని ఫెమ్టోసెకన్లు ఉంటాయో, దాదాపు 3 కోట్ల 17 లక్షల సంవత్సరాల్లో అన్ని సెకన్లు ఉంటాయి! సెకనులో భూమిని ఏడున్నర సార్లు చుట్టి రాగల కాంతి, 100 ఫెమ్టోసెకన్లలో నడిచే దూరం 30 మైక్రాన్లు, అంటే 30,000 నానోమీటర్లు. వెంట్రుక మందంలో సగం కూడా కాదు.

జామకాయంత శక్తి, 5 సింహాద్రుల సత్తా

ప్రయోగశాలలో వాడే ఒక లేజర్ మెరుపులో ఒక మిల్లీజౌల్ శక్తి ఉందనుకుందాం. వంద గ్రాముల జామకాయను ఒక్క మిల్లీమీటరు పైకెత్తడానికి అంతే శక్తి కావాలి. ఇంతోటి దానికే లోహం చెక్కుడు పడుతుందా? పడుతుంది. ఎందుకంటే ఆ శక్తంతా 100 ఫెమ్టోసెకన్లలోనే దిగిపోతుంది. లెక్క కడితే ఆ కాస్త సేపూ దాని సామర్థ్యం 10,000 మెగావాట్లు. విశాఖ దగ్గర పరవాడలోని సింహాద్రి థర్మల్ కేంద్రం సామర్థ్యం 2,000 మెగావాట్లు. అలాంటివి 5 కలిస్తే ఎంతో, ఆ ఒక్క మెరుపు అంత! బరువు తక్కువే అయినా దెబ్బలోని వేగమే పని చేస్తుందన్నమాట.

మొదట కనిపించింది లోపంగానే

తొలి లేజర్ 1960లో అమెరికాలో థియోడర్ మైమన్ చేతుల్లో వెలిగింది. అది రూబీ లేజర్. అయిదేళ్లకు, 1965లో, మిల్టన్ బిర్న్‌బామ్ అనే శాస్త్రవేత్త ఒక వింత గమనించారు. రూబీ లేజర్ దెబ్బతిన్న జెర్మేనియం వంటి అర్ధవాహకాల మీద వరసగా, సమాన దూరంలో గీతలు పడి ఉన్నాయి. తన పరిశోధన పత్రంలో ఆయన దాన్ని చేర్చిన పద్దు ‘నష్టం’. లేజర్ వల్ల చెడిన ఉపరితలం అనే దృష్టితోనే నాటి పరిశీలన సాగింది. ఆ చెడడాన్నే ఇవాళ కావాలని, కొలత పెట్టి మరీ చేస్తున్నారు.

ఈ గీతలు గీసే చెయ్యి లేదు

లేజర్ మొనను ఒక్కో గీత వెంట నడిపిస్తారని అనుకుంటే పొరపాటే. సూదిమొనంత మేర ఒకేసారి వెలుగు పడుతుంది, గీతలు వాటంతటవే లేస్తాయి. చెరువులో రెండు రాళ్లు పక్కపక్కన వేస్తే అలల మీద అలలు పడి ఒకచోట ఎత్తు, ఒకచోట పల్లం అవుతాయి కదా. ఇక్కడా అంతే. లోహం ఎంత నునుపైనా దాని మీద సూక్ష్మమైన గరుకు ఉంటుంది. దానికి తగిలి చెదిరిన కాంతి, లోహంలోని ఎలక్ట్రాన్లను కూడదీసుకుని ఉపరితలం వెంట అలలా పరుగెడుతుంది. పైనుంచి దిగే కాంతి ఈ అలతో కలిస్తే ప్రకాశం పట్టీలు పట్టీలుగా విడిపోతుంది. వెలుగు ఎక్కువైన చోట లోహం ఎక్కువ ఊడుతుంది, తక్కువైన చోట మిగులుతుంది. అదే గట్టు, అదే చాలు. కాబట్టి గీతల ఎడానికి కొలబద్ద కాంతి తరంగదైర్ఘ్యమే. అందులో సగం కంటే సన్నని గీతలు కూడా కొన్నిసార్లు పడతాయి. అవి ఎలా పుడతాయన్న దానిపై శాస్త్రవేత్తల్లో ఇంకా వాదోపవాదాలు నడుస్తున్నాయి.

కాంతిని తిప్పితే గీత తిరుగుతుంది

కాంతి తరంగం ఏ దిశలో కంపిస్తోందో దాన్ని ధ్రువణ దిశ అంటారు. లోహాల మీద ఈ గీతలు సాధారణంగా ఆ దిశకు అడ్డంగా పడతాయి. అందుకే నిలువు గీతలు అడ్డంగా కావాలంటే లోహాన్ని కదపనక్కర్లేదు. దారిలో ఉన్న ఒక స్ఫటికపు బిళ్లను తిప్పి కాంతి ధ్రువణాన్ని మారిస్తే చాలు. గిరగిర తిరుగుతూ సాగే వృత్తాకార ధ్రువణ కాంతిని వాడితే గీతలకు బదులు చిన్న చిన్న బొడిపెలు, త్రికోణాల వరసలు కూడా వస్తాయి.

వేడి పాకేలోగా పని పూర్తి

కంసాలి ఊదుగొట్టంతో ఉంగరాన్ని ఒకచోట కాల్చితే క్షణాల్లో ఉంగరమంతా కాగుతుంది. లోహంలో వేడి అంత చురుగ్గా పాకుతుంది. మామూలు లేజర్‌తో చెక్కినా అంచులు కరిగి, ముద్దకట్టి, గీతలు చెరిగిపోయే ప్రమాదం ఉంది. ఫెమ్టోసెకండ్ లేజర్ తీరు వేరు. కాంతి ముందుగా లోహంలోని ఎలక్ట్రాన్లకే అందుతుంది. అవి ఆ వేడిని పరమాణువులకు అందించడానికి కొన్ని పికోసెకన్లు, అంటే కొన్ని వేల ఫెమ్టోసెకన్లు పడుతుంది. ఈలోగా లేజర్ మెరుపు వచ్చి వెళ్లిపోయి ఉంటుంది. దెబ్బ తగిలిన పలుచని పొర ఎగిరిపోతుంది, చుట్టుపక్కల లోహానికి పెద్దగా సెగ తగలదు. కంటి శస్త్రచికిత్సల్లో ఈ రకం లేజర్లను వాడడానికీ ఇదే కారణం.

తొలి పరిశోధన పత్రానికే నోబెల్

ఇంత పొట్టి మెరుపును బలంగా చేయబోతే దాన్ని పెంచే యంత్రమే పాడవుతుంది. దీనికి విరుగుడు 1985లో అమెరికాలోని రోచెస్టర్ విశ్వవిద్యాలయంలో దొరికింది. దాన్ని కనుగొన్నది గురువు జెరార్డ్ మూరూ, విద్యార్థిని డోనా స్ట్రిక్లాండ్. వాళ్ల కిటుకు గుడి క్యూలైను లాంటిది. జనం ఒక్కసారిగా మీదపడితే గేటు విరుగుతుంది. వాళ్లనే పొడుగాటి వరసలో నిలబెట్టి, ఒక్కొక్కరికీ ప్రసాదం ఇచ్చి, బయట మళ్లీ ఒకచోట చేరిస్తే గేటూ నిలుస్తుంది, ప్రసాదమూ అందుతుంది. అలాగే లేజర్ మెరుపును ముందు సాగదీసి, నెమ్మదిగా బలం ఎక్కించి, చివర్లో మళ్లీ కుదించారు. ఈ పనికి ఇద్దరికీ 2018లో భౌతికశాస్త్ర నోబెల్ వచ్చింది. ఆ 1985 పత్రం స్ట్రిక్లాండ్ ప్రచురించిన మొట్టమొదటి పరిశోధన పత్రం! భౌతికశాస్త్రంలో నోబెల్ అందుకున్న మూడో మహిళ ఆమె. అంతకుముందు మేరీ క్యూరీ (1903), మరియా గోపెర్ట్ మేయర్ (1963).

బంగారం నల్లబడితే?

బంగారం నల్లబడిందంటే మనం కల్తీ అనుకుంటాం. రోచెస్టర్ విశ్వవిద్యాలయంలోనే చున్‌లే గువో, అనతోలీ వొరొబ్యేవ్ 2006లో మేలిమి లోహాలనే నల్లగా మార్చి చూపించారు. మసి లేదు, రంగు లేదు. లేజర్ దెబ్బకు లోహం మీద నానో, మైక్రో పరిమాణాల్లో గుంటలు, బుడిపెలు, గోళీలు పుట్టుకొచ్చాయి. ఆ అడవిలోకి దిగిన కాంతి అటూ ఇటూ తగిలి అక్కడే ఇంకిపోతుంది. కంటికి తిరిగి వచ్చే కాంతి లేదు కనుక ఆ చోటు నల్లగా కనిపిస్తుంది.

గిల్టు లేని బంగారు రంగు

మరో రెండేళ్లకు, 2008లో, ఈ ఇద్దరే అల్యూమినియానికి బంగారు రంగు తెప్పించారు. గిల్టు వేయలేదు, రసాయనాల్లో ముంచలేదు. లేజర్ బలాన్ని, మెరుపుల సంఖ్యను మార్చి ఉపరితలం మీది నానో నిర్మాణాల సైజును సర్దుకున్నారంతే. ఏ రంగును మింగాలో, ఏ రంగును తిప్పికొట్టాలో ఆ సైజే తేలుస్తుంది. వరస గీతలు పెడితే ఇంకో తమాషా. పళ్లెం వంచిన కొద్దీ ఒకే చోట నీలం, పచ్చ, ఎరుపు మారిమారి కనిపిస్తాయి. పూత కాదు కనుక ఈ రంగు పెచ్చులూడదు. గీతలు అరిగితే మాత్రం రంగూ పోతుంది.

ఈ విద్య నెమలికి ఏనాడో వచ్చు

నెమలి పింఛంలో నీలం రంగూ లేదు, ఆకుపచ్చ రంగూ లేదు. ఈకలో ఉన్న వర్ణద్రవ్యం మెలనిన్. మన జుట్టును నల్లగా ఉంచేది కూడా ఆ మెలనినే. పింఛంలో అది సన్నని పుల్లల్లా, కొలత తప్పని వరసల్లో పేర్చి ఉంటుంది. ఆ ఎడాన్ని బట్టి కాంతిలోంచి ఒక్కో రంగు ఏరి మన కంటికి చేరుతుంది. లేజర్‌తో లోహం మీద చేసేదీ ఇదే పద్ధతి.

బల్బు పగలకుండా లోపల మరమ్మతు

నల్లని వస్తువు కాంతిని బాగా మింగుతుంది. కాగితే అంత బాగానూ వెలుగుతుంది. ఇది పాత భౌతిక సూత్రమే. దీన్ని పట్టుకుని రోచెస్టర్ బృందం 2009లో మామూలు బల్బులోని టంగ్‌స్టన్ తీగ మీద లేజర్ కొట్టింది. గాజు బుడ్డి పగలగొట్టలేదు, దాని గుండానే కాంతిని పంపింది! స్విచ్ వేస్తే తీగలో లేజర్ తగిలిన చోటు మిగతా తీగ కంటే ప్రకాశంగా వెలిగింది. 100 వాట్ల బల్బు వెలుగును 60 వాట్ల లోపు కరెంటుతో రాబట్టవచ్చని ఆ బృందం చెప్పింది. అయితే ఆ తర్వాత ఇళ్లలోకి ఎల్‌ఈడీలు వచ్చి తీగ బల్బు కాలమే చెల్లిపోయింది.

తామరాకు మీద నీటిబొట్టు, ఇత్తడి మీద కూడా

అంటీ ముట్టనట్టు ఉండేవాణ్ణి తామరాకు మీద నీటిబొట్టుతో పోలుస్తాం. ఆ ఆకు ఎందుకు తడవదో జర్మన్ వృక్షశాస్త్రవేత్తలు విల్‌హెల్మ్ బార్ట్‌లాట్, క్రిస్టోఫ్ నైన్‌హూయిస్ 1997లో వివరంగా రాశారు. ఆకు మీద కంటికి కనిపించని బొడిపెలు, వాటి మీద మైనపు నలుసులు ఉంటాయి. నీటిబొట్టు వాటి కొనల మీద నిలబడుతుందే తప్ప కిందికి దిగదు. 2015లో ప్లాటినం, టైటానియం, ఇత్తడి పలకల మీద లేజర్‌తో అలాంటి ఉపరితలమే తెచ్చారు. టెఫ్లాన్ పూత మీద నీరు జారాలంటే పలకను 70 డిగ్రీల దాకా వంచాలి. ఈ లోహం మీద 5 డిగ్రీల లోపు వంపు చాలు. వాక్యూమ్ క్లీనర్‌లోని దుమ్ము దాని మీద పోసి చూస్తే మూడు నీటి చుక్కలకు సగం దుమ్ము పోయింది. పన్నెండు చుక్కలకు పలక శుభ్రపడింది.

మొదట చెలిమి, తర్వాత కటీఫ్

లేజర్ దెబ్బ తిన్న వెంటనే చాలా లోహాలు నీటిని దూరం పెట్టవు సరికదా, మరింత ఇష్టంగా పులుముకుంటాయి. వాటిని గాలిలో అలా వదిలేస్తే రోజులు, వారాలు గడిచేకొద్దీ నీటిని దూరం పెట్టడం మొదలుపెడతాయి. గాలిలోని కర్బన పదార్థాలు ఆ గరుకు మీద పలుచగా పేరుకోవడం దీనికి ముఖ్య కారణం. తామరాకుకు మైనం ఎలాగో వీటికి ఆ పొర అలాగ. గరుకును చెక్కేది లేజరైతే, మైనం రాసేది గాలి.

నీరు పల్లమెరుగు... అన్నివేళలా కాదు

నీటిని ఇష్టపడే గుణాన్నే పెంచితే ఇంకో వింత. లేజర్‌తో సన్నని కాలువలు చెక్కిన అల్యూమినియం రేకును ఏటవాలుగా నిలబెట్టి కింది అంచు నీటిలో ముంచితే, నీరు దానంతటదే పైకి పాకుతుంది. దీపపు వత్తి నూనెను పీల్చినట్టే. పైగా రేకు నల్లగా ఉండటంతో ఎండను బాగా మింగి కాగుతుంది. పలుచని నీటిపొర త్వరగా ఆవిరవుతుంది, ఆ ఆవిరిని చల్లబరిస్తే శుభ్రమైన నీరు. 2020లో గువో బృందం ఈ పద్ధతితో సబ్బు, రంగులు, భార లోహాలు కలిసిన నీటిని శుద్ధి చేసి చూపింది.

ముంచినా తేలే లోహం

నీటిలోనే బతికే ఒక రకం సాలీడు గాలి బుడగను వెంటబెట్టుకుని దిగుతుంది. అగ్గి చీమలు వరదొస్తే ఒకదాన్నొకటి పట్టుకుని తెప్పలా తేలతాయి. రెండింటి కిటుకూ ఒకటే. నీటికి తడవని ఒళ్లు, దాని మధ్య చిక్కుకున్న గాలి. దీన్ని చూసి రోచెస్టర్ బృందం 2019లో రెండు అల్యూమినియం పలకలకు లోపలి ముఖాల మీద లేజర్ చెక్కుడు పెట్టి, మధ్య కొద్ది ఎడంతో బిగించింది. నీరు ఆ సందులోకి చొరబడలేదు. బరువు పెట్టి రెండు నెలలు నీటిలో ముంచి ఉంచినా, బరువు తీయగానే ఆ పలకల జత పైకి లేచింది. చిల్లులు పొడిచినా తేలింది. చెక్కుడు లోపలి వైపు ఉండటంతో రాపిడికి అరిగే బెడదా తక్కువ.

క్రిములకు కాలు నిలవని చోటు

చెవులు చిల్లులు పడేలా అరిచే సికాడా పురుగు రెక్క మీద నానో పరిమాణంలో మేకుల్లాంటి మొనలుంటాయి. దాని మీద వాలిన కొన్ని రకాల బ్యాక్టీరియా చీలి చచ్చిపోతుందని 2012లో ఆస్ట్రేలియా పరిశోధకులు చూపారు. ఎముకల్లో, దవడల్లో అమర్చే టైటానియం భాగాల మీద ఇన్ఫెక్షన్ రాకుండా ఈ దారిలో ప్రయోగాలు సాగుతున్నాయి. లేజర్ గీతలున్న టైటానియం మీద స్టఫిలోకాకస్ ఆరియస్ బ్యాక్టీరియా తక్కువగా అంటుకున్నట్టు ప్రయోగశాలల్లో తేలింది. మందు లేకుండా, గీతతోనే క్రిమిని ఆపే ప్రయత్నం ఇది.

హైదరాబాదులో పేలుడు పదార్థాల వాసన పట్టే లోహం

బాల్యం విశాఖపట్నంలో గడిపిన సి.వి. రామన్ తన పేరు మోసే ప్రభావాన్ని 1928 ఫిబ్రవరి 28న కనుగొన్నారు. ఒక పదార్థం మీద పడి చెదిరిన కాంతిలో కొద్ది భాగం రంగు మార్చుకుంటుంది. ఆ మార్పు ఏ పదార్థానికి ఆ పదార్థానికే ప్రత్యేకం, వేలిముద్ర లాంటిది. చిక్కల్లా ఆ భాగం అతి స్వల్పం కావడమే. వెండి, బంగారం, రాగి ఉపరితలాన్ని నానో స్థాయిలో గరుకు చేస్తే ఆ సంకేతం ఎన్నో రెట్లు పెరుగుతుంది. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో ఫెమ్టోసెకండ్ లేజర్లతో ఇలాంటి లోహపు పలకలు, నానో రేణువులు తయారుచేసి, పిక్రిక్ ఆమ్లం వంటి పేలుడు పదార్థాల జాడను అతి తక్కువ మోతాదులో పట్టే పరిశోధన జరిగింది. పురుగుమందుల ఆనవాళ్లు పట్టడానికీ ఇదే దారి.

మరి బజారుకు ఎందుకు రాలేదు?

జవాబు ఒక్క మాటలో, నిదానం. 2015 నాటి ప్రయోగంలో అంగుళం పొడవు, అంగుళం వెడల్పు లోహాన్ని తడవకుండా చేయడానికి గంట పట్టింది. ఆ లెక్కన ఒక భోజనం పళ్లేనికే రోజులు కావాలి. ఆపైన ఈ లేజర్ల ఖరీదు ఒకటి. సెకనుకు లక్షల మెరుపులు వదిలే కొత్త లేజర్లు, కాంతిని చకచకా తిప్పే అద్దాలు వచ్చి ఆ వేగం పెరుగుతోంది. ఈలోగా చిన్న వస్తువులకు అతిపొట్టి మెరుపులు పనికొస్తూనే ఉన్నాయి. శస్త్రచికిత్స పరికరాల మీద తుప్పు పట్టని నల్లని గుర్తులు వేయడం వాటిలో ఒకటి.

మీరే చూడండి

ఇదంతా నమ్మడానికి లేజర్ అక్కర్లేదు. అటక మీద పాత సినిమా డీవీడీ ఉంటే దించండి. దుమ్ము తుడిచి కిటికీ వెలుగులో అటూ ఇటూ వంచండి. సూర్యుడి ప్రతిబింబాన్ని మాత్రం నేరుగా చూడకండి. హరివిల్లు రంగులన్నీ ఆ డిస్కు మీద జారుతుంటాయి. అందులో ఉన్నవి పారదర్శకమైన ప్లాస్టిక్కు, పలుచని అల్యూమినియం పొర, 740 నానోమీటర్ల ఎడంతో చుట్లు చుట్లుగా సాగే గుంటల వరస. రంగన్నది అందులో చుక్కైనా లేదు.